నాన్నకు కలెక్టరు కావాలి, నాకు విదేశాంగ సర్వీసు కావాలి

ప్రశ్న: మాది కావలి దగ్గర సముద్రం వైపు పల్లె. నాన్న రొయ్యల గుంటలు చేస్తారు. నాకు 26 ఏళ్ళు, వారికి ఒక్కతే కూతురిని. సివిల్ సర్వీసెస్ మెయిన్స్ రెండవసారి రాశాను. సర్వీసుల ప్రాధాన్యక్రమంలో విదేశాంగ సర్వీసును మొదట పెట్టాలని నా కోరిక. నాన్న మాత్రం, "కలెక్టరువైతే ఊరంతా తెలుస్తుంది, ఎంబసీలో కూర్చుని నువ్వేం చేస్తున్నావో ఎవరికి తెలుస్తుంది?" అంటున్నారు. పెళ్ళి గురించి, రేపు వారిని ఎవరు చూసుకుంటారన్న దాని గురించి అమ్మ బెంగ పెట్టుకుంది. పదవ తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివినదాన్ని. ఈ సర్వీసులో పైదాకా వెళ్ళినవారి జీవితం నిజంగా ఎలా ఉంటుందో చెప్పగలరా?
ఒక పాఠకురాలు, కావలి ప్రాంతం

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన మాట మీ నాన్నగారిది. ముప్పై నాలుగేళ్ళు విదేశాంగ సర్వీసులో ఉండి, రెండు దేశాలలో రాయబారిగా పనిచేసి, పదవీ విరమణ తరువాత నెల్లూరు వచ్చి స్థిరపడిన నాకు అది కొత్త మాట కాదు. నేను ఎంపికైన ఏడాది మా పెదనాన్నగారు రచ్చబండ దగ్గర "మావాడికి ఐ.ఎఫ్.ఎస్. వచ్చింది" అని చెబితే, విన్నవాళ్ళందరూ నేను ఫారెస్టు ఆఫీసరునయ్యానని, ఇక రాపూరు అడవుల్లో ఎర్రచందనం దొంగల పని పడతానని అనుకున్నారు. అటవీ సర్వీసును కూడా జనం ఐ.ఎఫ్.ఎస్. అనే అంటారు కనుక వారిని తప్పుపట్టలేము. ఆ పొరపాటు సర్దుకునేలోపే ఇంకొకటి మొదలైంది: అమెరికా వీసా నేను ఇప్పించగలనని బంధువులంతా నమ్మారు. అమెరికా వీసా ఇచ్చేది అమెరికా కాన్సులేటు అని, మన రాయబార కార్యాలయం మన దేశానికి రాదలచిన విదేశీయులకు మాత్రమే వీసా ఇస్తుందని ఎన్నిసార్లు చెప్పినా, "చెయ్యడం ఇష్టంలేక అట్టా అంటా ఉండాడు" అనే అభిప్రాయం మా చిన్నాన్న కొడుకు మనసులోనుంచి నేటికీ పోలేదు.

కాబట్టి మీ నాన్నగారు చెప్పినది నిజమే. ఈ ఉద్యోగంలో మీరు చేసే పని ఊరికి కనిపించదు. చాలాసార్లు దేశానికి కూడా కనిపించదు. ఆ సంగతి ఒప్పుకున్న తరువాత మాత్రమే మిగిలినది ఆలోచించాలి. అయితే ఆయన కోరుకుంటున్న కలెక్టరు ఉద్యోగాన్ని కూడా అంతే నిజాయితీగా తూచి చూడాలి. ఐ.ఏ.ఎస్. వచ్చినా సొంత రాష్ట్రం కేడరు దొరికేది కొద్దిమందికే; మీకు అస్సామో, నాగాలాండో, మధ్యప్రదేశో రావచ్చు. ఒకవేళ ఆంధ్రప్రదేశ్ కేడరే వచ్చినా సొంత జిల్లాకు కలెక్టరుగా సాధారణంగా వేయరు. జిల్లా కలెక్టరుగా ఉండేది కూడా మొత్తం సర్వీసులో కొన్నేళ్ళు మాత్రమే, ఆ తరువాత జీవితమంతా సచివాలయంలో ఫైళ్ళ మధ్యనే గడుస్తుంది. నెల్లూరు ట్రంకు రోడ్డు మీద సైరను వేసుకుని వెళ్ళే కారులో మీ నాన్నగారు ఊహించుకుంటున్న కూతురు, ఐ.ఏ.ఎస్. తీసుకున్నా ఆయనకు దొరకకపోవచ్చు.

నిర్ణయానికి ముందు తెలిసి ఉండవలసిన నియమం ఒకటి ఉంది. ఐ.ఏ.ఎస్.లో గాని, విదేశాంగ సర్వీసులో గాని చేరిన తరువాత ఆ సర్వీసులో ఉంటూ మళ్ళీ సివిల్ సర్వీసెస్ పరీక్ష రాయడానికి వీలులేదు. అంటే, చేరి చూసి నచ్చకపోతే మారవచ్చుననే వెసులుబాటు లేదు. అందుకే నేను మిమ్మల్ని తొందరపెట్టడం లేదు.

ఇక ఈ దారి ఎలా సాగుతుందో చెబుతాను. ఏటా ఈ సర్వీసుకు తీసుకునేది కొద్ది పదుల మందిని మాత్రమే. మొదట ముస్సోరీలో అందరితో కలిసి శిక్షణ, తరువాత ఢిల్లీలో సుష్మా స్వరాజ్ విదేశాంగ సర్వీసు సంస్థలో శిక్షణ ఉంటాయి. ఆ దశలో మీకొక విదేశీ భాష కేటాయిస్తారు: అరబ్బీ, చైనీస్, రష్యన్, ఫ్రెంచ్, స్పానిష్, జపనీస్ వంటివి. ఆ భాష మాట్లాడే దేశానికి థర్డ్ సెక్రటరీగా పంపుతారు. ఆ భాషలో పరీక్ష నెగ్గితేనే ఉద్యోగం ఖాయమవుతుంది. అక్కడి నుంచి సెకండ్ సెక్రటరీ, ఫస్ట్ సెక్రటరీ, కౌన్సెలర్, మినిస్టర్ అనే మెట్లు. మధ్యమధ్య ఢిల్లీలో అండర్ సెక్రటరీ, డిప్యూటీ సెక్రటరీ, డైరెక్టర్, జాయింట్ సెక్రటరీ అనే మెట్లు. రాయబారి కావడానికి పదిహేను, ఇరవై ఏళ్ళు పడుతుంది, అదీ మొదట ఏదో చిన్న దేశానికే. కామన్వెల్త్ దేశాలలో అదే పదవిని హైకమిషనర్ అంటారు. నేటి విదేశాంగ మంత్రి ఎస్. జైశంకర్ 1977లో సర్వీసులో చేరి, రష్యన్ నేర్చుకుని మాస్కోలో మొదలుపెట్టినవారు. ఆయన మొదటిసారి రాయబారిగా ప్రేగ్ నగరానికి వెళ్ళింది రెండు దశాబ్దాలు దాటిన తరువాతనే. చైనా, అమెరికా ఆ తరువాత వచ్చాయి. 2015 జనవరిలో పదవీ విరమణ ముంగిట ఉన్నప్పుడు ఆయనను విదేశాంగ కార్యదర్శిని చేశారు. ఆ కొద్దిరోజులు అటూ ఇటూ అయి ఉంటే ఆయన కథ వేరుగా ఉండేది. ఆయనతో సమానమైన శక్తి ఉండి, ఆ రోజు కలిసిరాక, మామూలుగా విరమించినవారిని నేను పలువురిని చూశాను.

రాయబారి అయిన రోజున ఏం జరుగుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ ఉద్యోగంలో ఫోటోకు పనికివచ్చే రోజు అదొక్కటే. 1961 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం, మనం పంపదలచిన వ్యక్తికి ఆ దేశం ముందుగా సమ్మతి తెలపాలి. తరువాత మన రాష్ట్రపతి సంతకం చేసిన నియామక పత్రాన్ని తీసుకువెళ్ళి ఆ దేశాధినేత చేతికి ఇవ్వాలి. నేను మొదటిసారి ఆ పత్రం ఇచ్చినది నలభై డిగ్రీల ఎండలో, మెడదాకా బొత్తాలు పెట్టుకున్న నల్లకోటులో. సైనిక వందనం, రెండు జాతీయగీతాలు, పది నిమిషాల సంభాషణ, తిరుగు ప్రయాణంలో కారు మీద జెండా. ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి చెబితే, ఓపికగా విని, "అబ్బయ్యా, ఆ దేశం యాడుండాది?" అని అడిగింది. మ్యాపులో చూపించినా పెద్దగా లాభం లేనంత చిన్న దేశం అది.

ఆ చిన్న దేశాలతో ఏం పని అని మీకు కూడా అనిపించవచ్చు. 2017లో అంతర్జాతీయ న్యాయస్థానంలో ఒక న్యాయమూర్తి స్థానానికి మన దల్వీర్ భండారీ, బ్రిటన్‌కు చెందిన క్రిస్టఫర్ గ్రీన్‌వుడ్ పోటీపడ్డారు. గెలవాలంటే ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలోను, భద్రతామండలిలోను విడివిడిగా ఆధిక్యం రావాలి. భద్రతామండలిలో బ్రిటన్ ముందుంది. సర్వసభ్య సభలో మనం ముందున్నాము, అక్కడ 193 దేశాలలో ప్రతి దేశానికీ ఒక్కటే ఓటు. మళ్ళీ మళ్ళీ ఓటింగు జరిగి, చివరకు నవంబరులో బ్రిటన్ తన అభ్యర్థిని ఉపసంహరించుకుంది. న్యూయార్కులో ఆ వ్యవహారం నడిపిన మన శాశ్వత ప్రతినిధి సయ్యద్ అక్బరుద్దీన్ హైదరాబాదువారు. ఆయన పేరు పత్రికలలో వచ్చింది, రావలసినదే. అయితే న్యూయార్కులో ఇటువంటి ఓటు పడినప్పుడల్లా దాని వెనుక, ఎక్కడో ఒక రాజధానిలో ఒక మంత్రితో నాలుగేళ్ళుగా టీ తాగుతూ, వారి పోర్టుకు మన ఇంజనీర్లను, వారి పిల్లలకు మన స్కాలర్‌షిప్పులను ఏర్పాటుచేస్తూ వచ్చిన ఒక రాయబారి ఉంటాడు. ఆయన పేరు ఎవరికీ తెలియదు. మీ నాన్నగారు అడిగిన "ఏం చేస్తున్నావో ఎవరికి తెలుస్తుంది" అన్న ప్రశ్నకు నా దగ్గర ఉన్న నిజమైన జవాబు ఆ రాయబారే.

మీ నాన్నగారికి ఇంకొక మాట కూడా చెప్పి చూడండి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, రొయ్య కొనేవాళ్ళు ఏ కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్కకు) ఎంత తగ్గించారో నాకంటే ఆయనకే బాగా తెలుసు. ఆ రోజు జిల్లా కలెక్టరు ఆయనకు కరెంటు చార్జీ గురించి, మేత ధర గురించి ఏమైనా చెప్పగలిగి ఉండవచ్చు. వాషింగ్టన్‌లో ఎవరి మనసులో ఏముందో చెప్పవలసినది మన రాయబార కార్యాలయం. అలాగని దౌత్యవేత్తలు సుంకాలు తగ్గిస్తారని నేను గొప్పలు చెప్పను. వాణిజ్య చర్చలు నడిపేది వాణిజ్య మంత్రిత్వ శాఖ. మన కార్యాలయం చేసేది వినడం, ఎవరిని కలవాలో తెలుసుకోవడం, రాబోయేదాన్ని ముందుగా ఢిల్లీకి రాయడం. కేబుల్ అని మేము పిలుచుకునే ఆ రహస్య నివేదికలో ఒక వాక్యం సరిగా పడితే, ఆరునెలల తరువాత ఎక్కడో ఒక నష్టం తప్పుతుంది. తప్పిన నష్టాన్ని ఎవరూ లెక్కవేయరు కదా. మన ప్రాంతానికి, పరదేశానికి ఉన్న సంబంధం నిన్నటిదేమీ కాదు. ఒకసారి ఒక విందులో బ్రెజిల్ దౌత్యవేత్తకు నా సొంత ఊరు నెల్లూరు వైపు అని చెబితే, ఆయన నా చెయ్యి వదలలేదు. పంతొమ్మిదవ శతాబ్దంలో ఇక్కడి నుంచి వెళ్ళిన ఒంగోలు జాతి పశువులను వారి దేశంలో నేటికీ నెలోర్ అనే పిలుస్తారు; అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆ సాయంత్రం నాకు నా హోదాకంటే మన గిత్తలే ఎక్కువ పని చేసిపెట్టాయి.

ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే దగ్గరగా మిగిలిపోయినది మాత్రం విందులూ చర్చలూ కాదు, ఒక కాన్సులర్ కౌంటరు, అంటే పరదేశంలో ఉన్న మనవాళ్ళ కష్టాలు వినే చోటు. సర్వీసులో చేరిన కొత్తలో ఒక గల్ఫ్ దేశంలో ఆ విభాగం చూసేవాణ్ణి. ఒకరోజు ఉదయం తలుపులు తీయకముందే మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. కాళ్ళకు చెప్పులు లేవు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో ఎనిమిది మడతలు పెట్టిన పాస్‌పోర్టు జిరాక్స్. అసలు పాస్‌పోర్టు కఫీలు (పనికి పెట్టుకున్న యజమాని) దగ్గర ఉంది, జీతం ఏడు నెలలుగా లేదు, రాత్రి ఇంట్లోవాళ్ళు పడుకున్నాక గోడ దూకి వచ్చింది. నేను ఇంగ్లీషులోను, వచ్చీరాని హిందీలోను రెండు ప్రశ్నలు అడిగేసరికి ఆమె తల ఎత్తి, "సార్, మీదే ఊరు? మాట మావైపు మాదిరి ఉండాది" అంది. ఉదయగిరి దగ్గర పల్లె ఆమెది. ఆ తరువాత ఏడుపు ఆగడానికి అరగంట పట్టింది.

ఆమెను ఇంటికి పంపడానికి నలభై ఏడు రోజులు పట్టింది. కఫీలు అప్పటికే పరారీ కేసు పెట్టాడు కనుక, ఆ కేసు తీసివేయించకుండా దేశం దాటడానికి వీలులేదు. పోలీసు స్టేషనుకు, కార్మిక శాఖకు తిరిగాను. నాకు వచ్చిన కొద్దిపాటి అరబ్బీ అక్కడ పనికివచ్చింది, ఎందుకంటే స్టేషనులో అధికారి నా వ్యాకరణానికి నవ్వి, నవ్వినందుకు మొహమాటపడి, ఫైలు తెరిచాడు. జీతం ఏడు నెలలలో నాలుగు నెలలదే వచ్చింది. పాస్‌పోర్టు రానేలేదు, ఒక్కసారి ప్రయాణానికి మాత్రమే చెల్లే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ రాసి ఇచ్చాను. ఫైలులో ఆ నలభై ఏడు రోజులకు నేను రాసిన ముగింపు మూడు పంక్తులు. అటువంటి ఫైళ్ళు ఆ గదిలో అలమారల నిండా ఉండేవి. మరణం సంభవించినప్పుడు ఇంకా కష్టం: మరణ ధ్రువపత్రం, పోలీసుల అనుమతి, కుటుంబం పంపిన సమ్మతిపత్రం, రద్దుచేసిన పాస్‌పోర్టు, ఎంబామింగ్ పత్రం అన్నీ చేరాక మన నిరభ్యంతర పత్రం ఇస్తేగాని శవపేటిక విమానం ఎక్కదు. ఆ పత్రాలలో ఒకటి ఆలస్యమైన ప్రతి రోజూ కలువాయిలోనో, కనిగిరిలోనో ఒక ఇంట్లో పొయ్యి వెలగదు. కలెక్టరు చేతిలో ఉన్నంత అధికారం ఆ కౌంటరులో లేదు. పరాయి దేశపు చట్టం ముందు మనం అడగగలవారమే గాని ఆజ్ఞాపించగలవారము కాదు. అడిగి పని సాధించడంలో మీకు తృప్తి ఉంటుందా, ఆజ్ఞాపించి సాధించడంలో ఉంటుందా అన్నది మీరు నిజాయితీగా తేల్చుకోవాలి.

కష్టమైన చోట్లకు వేస్తారా అంటే, వేస్తారు. మందులు దొరకని రాజధానులు ఉన్నాయి, పిల్లలకు బడి లేని ఊళ్ళు ఉన్నాయి. 2008 జులై 7న కాబూల్‌లో మన రాయబార కార్యాలయం గేటు దగ్గర జరిగిన బాంబుదాడిలో మరణించినవారిలో కౌన్సెలర్ వి. వెంకటేశ్వరరావు ఒకరు. ఆ పేరు మీ నాన్నగారు విని ఉండకపోవచ్చు.

ఇక మీ అమ్మగారి బెంగ. దీనికి నేను తీపి మాట చెప్పలేను. మా నాన్నగారు పోయినప్పుడు నేను మూడు విమానాల దూరంలో ఉన్నాను. సెలవు వెంటనే దొరికింది, సీటు దొరకలేదు. నేను వచ్చేసరికి పెన్న ఒడ్డున బోడిగాడితోటలో తమ్ముడు అంతా ముగించి మూడవ రోజు. పెద్దకొడుకును నేను, కొరివి పెట్టినవాడు వాడు. ఇన్నేళ్ళలో వాడు ఒక్క మాట అనలేదు, ఆ అనకపోవడం నాకు తెలుస్తూనే ఉంటుంది. మీకు తమ్ముడు కూడా లేడు. సగటున మూడేళ్ళకొక దేశం మారుతూ, మొత్తం సర్వీసులో సగానికి పైగా బయటే గడిపే ఉద్యోగంలో, అమ్మానాన్నల దగ్గరలో ఉండే ఒక నమ్మకమైన మేనత్త కొడుకో, చిన్నమ్మో, పక్కింటివారో ఎవరన్నది ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి. వైద్యం, డబ్బు, పొలం కాగితాలు ఎవరి చేతిలో ఉండాలన్నది కూడా వారితో కూర్చుని మాట్లాడండి. మొదట్లో ఒకటి రెండేళ్ళు వారు మీ దగ్గరకు వచ్చి ఉంటారు గాని, గుంటలను వదిలి ఏ రైతూ ఎక్కువకాలం పరదేశంలో ఉండలేడు.

పెళ్ళి విషయంలో మీకు ముందు నడిచినవారు దారి కొంత చదును చేశారు. విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి మహిళ సి.బి. ముత్తమ్మ 1949లో అడుగుపెట్టినవారు. పెళ్ళి చేసుకోవాలంటే మహిళా అధికారి ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని, సంసారం పనికి అడ్డమని ప్రభుత్వం భావిస్తే రాజీనామా చేయమనవచ్చునని అప్పటి నియమాలు చెప్పేవి. 1970లో హంగరీకి రాయబారిగా వెళ్ళిన ఆమె, ఆ తరువాత పదోన్నతి నిరాకరించినప్పుడు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. కేసు నడుస్తుండగానే ప్రభుత్వం పదోన్నతి ఇచ్చింది. 1979లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ నియమాలలోని వివక్షను ఘాటుగా తప్పుపట్టారు. తరువాత చొకిలా అయ్యర్, నిరుపమా రావు, సుజాతా సింగ్ విదేశాంగ కార్యదర్శులయ్యారు. నియమం పోయింది గాని, చిక్కు మొత్తం పోలేదు. మీరు వెళ్ళిన దేశంలో మీ భర్త ఉద్యోగం చేయడానికి అన్నిచోట్లా వీలుండదు. అందుకు రెండు దేశాల మధ్య ఒప్పందం ఉండాలి. అధికారి పురుషుడైతే భార్య ఉద్యోగం వదిలి వెంట వెళ్ళడాన్ని లోకం మామూలుగానే చూస్తుంది, అధికారి స్త్రీ అయితే భర్తను ప్రతి విందులోనూ "మీరేం చేస్తుంటారు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు నొచ్చుకోని మనిషిని చూసుకోండి. కట్నం, పొలం లెక్కలు చూసే పెళ్ళిళ్ళ పేరయ్యలు ఇది అడగరు, మీరే అడగాలి.

తెలుగు మాధ్యమం గురించి ఎక్కువ దిగులు వద్దు. మెయిన్స్‌లో ఇంగ్లీషు అర్హతా పత్రం వంటివి తప్ప మిగిలినవి తెలుగులోనే రాయవచ్చు, అలా రాసినవారు ఇంటర్వ్యూ కూడా తెలుగులో ఇవ్వవచ్చు. సర్వీసులోకి వచ్చాక ఇంగ్లీషు రాత తప్పనిసరిగా సాధన చేయవలసి వస్తుంది, అది రెండేళ్ళ పని. కేరళలోని ఉళవూరు పల్లెలో పేద దళిత కుటుంబంలో పుట్టి, రోజూ మైళ్ళు నడిచి బడికి వెళ్ళిన కె.ఆర్. నారాయణన్ ఈ సర్వీసులోనే చైనాకు రాయబారిగా వెళ్ళి, విరమణ తరువాత అమెరికాకు కూడా రాయబారిగా వెళ్ళి, ఆ తరువాత రాష్ట్రపతి అయ్యారు. ఒక భాషలో గట్టిగా నిలబడినవారికి రెండవది, మూడవది త్వరగా వస్తాయని నా అనుభవం. నా అరబ్బీకి నెల్లూరు యాస ఉండేదని నా గురువు నవ్వేవారు, దానివల్ల ఏ పనీ చెడలేదు.

సర్వీసుల ప్రాధాన్యక్రమం నింపేముందు రెండు పనులు చేయండి. మొదటిది, ఒక సోమవారం నెల్లూరు కలెక్టరేటులో అర్జీలు తీసుకునే చోటికి వెళ్ళి, ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా వెనుక కుర్చీలో కూర్చోండి. పాసుపుస్తకాలు, పింఛన్లు, దారి తగాదాలు, ఏడుపులు, కేకలు అన్నీ వినండి. ఆ ముందు కుర్చీలో కూర్చోవాలని మీకు మనసు లాగితే, మీ నాన్నగారి మాట వినడంలో మీరు ఓడిపోయినట్టు కాదు. రెండవది, మీరెన్నడూ పట్టించుకోని ఒక చిన్న దేశాన్ని ఎంచుకుని, రెండు వారాలపాటు రోజూ దాని వార్తలు చదివి, అది భారతదేశానికి ఎందుకు సంబంధించినదో రోజుకొక పేజీ రాయండి. మీ పేరు వేయకుండా, ఎవరూ మెచ్చుకోరని తెలిసి రాయండి. పదవ రోజుకు విసుగు పుడితే ఆ విసుగును నమ్మండి. పద్నాలుగవ రోజున పదిహేనవ పేజీ రాయాలనిపిస్తే దానినీ నమ్మండి.

కలెక్టరేటుకు వెళ్ళేటప్పుడు మీ నాన్నగారిని కూడా వెంటపెట్టుకుని వెళ్ళండి. గుంటల్లో మేత వేసి, ఏరియేటర్లు చూసుకుని ఆయన కావలిలో తొలి బస్సు అందుకోగలిగితే, పదింటికల్లా అక్కడ ఉంటారు.